మిర్చి ఫొటోలో తాలు కాయలు పట్టుకోవాలి, మార్ఫాలజీ ఫిల్టర్లు ఎలా వాడాలి?

కల్లం_కుర్రాడు (గుంటూరు)
అందరికీ నమస్తే అండి. నేను బీటెక్ ఆఖరి సంవత్సరం, ప్రాజెక్టు కోసం అడుగుతున్నా. మా బాబాయికి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది, సీజన్లో అక్కడ కూర్చుంటే పొద్దున్నుంచి ఒకటే గొడవ, ఈ లాట్‌లో తాలు (రంగు పోయి తెల్లబడ్డ కాయలు) ఎంత అని. రైతు ఒక మాట అంటాడు కొనేవాళ్ళు ఇంకో మాట అంటారు, టిక్కీలోంచి (మిర్చి బస్తాలోంచి) మచ్చు తీసి పరిచి కంటితో చూసి చెప్పేస్తారు, ఆ మాట మీదే రేటు పడిపోతది. అందుకే మచ్చు కాయల్ని ఒక గుడ్డ మీద పరిచి పైనుంచి ఫోన్‌తో ఫొటో తీసి అందులో ఎర్ర కాయలెన్ని తాలు కాయలెన్ని అని ప్రోగ్రాం చెప్పేలా చేద్దామనుకున్నా. పైథాన్, ఫొటోల పనికి ఓపెన్ సీవీ లైబ్రరీ వాడుతున్నా. రంగు మీద త్రెషోల్డ్ (హద్దు విలువ) పెడితే మాస్క్, అంటే కాయలు తెల్లగా మిగతాది నల్లగా చూపే బొమ్మ, వస్తంది కానీ నిండా చుక్కలు, కాయ మధ్యలో బొక్కలు, పక్కపక్క కాయలన్నీ అతుక్కుని ఒకే ముద్దలా వస్తన్నాయి. ఓపెనింగ్ క్లోజింగ్ అనే మార్ఫాలజీ ఫిల్టర్లు వాడమని అన్నిచోట్లా రాశారు, 3×3 కెర్నల్ (ఫిల్టర్ ఆకారం, పిక్సెళ్ళలో) పెట్టి చేశా, ఏమీ మారట్లా. ఇంకా పెంచితే కాయల చివర్లు పోతన్నాయి. ఏ సైజు పెట్టాలో ఎవరన్నా పద్ధతిగా చెప్తారా?

బెజవాడ_కోడర్ (విజయవాడ)
బ్రో ముందు ఒక మాట చెప్పు, నీ ఫొటోలో ఒక మిల్లీమీటరుకి ఎన్ని పిక్సెళ్ళు? అది తెలియకుండా కెర్నల్ సైజు ఎవరూ చెప్పలేరు. ఫోన్ ఫొటో 12 మెగాపిక్సెల్ ఉంటది, అందులో 3×3 అంటే కాయ మీద దుమ్ము రేణువంత కూడా కాదు. పైగా జేపెగ్‌లో రంగు సమాచారాన్ని మామూలుగా సగం రిజల్యూషన్‌తోనే దాస్తారు, వెలుగు మాత్రమే పూర్తిగా ఉంటది, అంటే రంగు అంచులు ఎట్టాగూ ఒకటి రెండు పిక్సెళ్ళు అలుక్కుపోయే ఉంటాయి. ఆ అలుకు కన్నా చిన్న కెర్నల్‌తో ఏం ఒరుగుతది.

ఇంకోటి, ఐటరేషన్స్ (ఎన్నిసార్లు చెయ్యాలి అనే అంకె) 2 అని పెట్టావేమో చూసుకో. ఓపెన్ సీవీలో ఓపెనింగ్‌కి ఐటరేషన్స్ 2 అంటే ఓపెనింగ్ రెండుసార్లు చేస్తదని చాలామంది అనుకుంటారు, కాదు. ఎరోజన్ రెండుసార్లు చేసి తర్వాత డైలేషన్ రెండుసార్లు చేస్తది, అంటే కెర్నల్ పెద్దది పెట్టినట్టే లెక్క. అసలు ఓపెనింగ్ చేసినదాని మీద అదే కెర్నల్‌తో మళ్ళీ ఓపెనింగ్ చేస్తే ఏమీ మారదు, అది దాని గుణం.

కల్లం_కుర్రాడు
థాంక్స్ అన్నా. స్టాండు పెట్టి ఎత్తు ఫిక్స్ చేశా, ఫ్రేములో 60 సెంటీమీటర్ల వెడల్పు పడతంది, ఫొటోని 3000 పిక్సెళ్ళకి తగ్గించి వాడుతున్నా కాబట్టి మిల్లీమీటరుకి 5 పిక్సెళ్ళు. నా దగ్గరున్న కాయలు ఎక్కువ తేజ రకం, స్కేలు పెట్టి చూస్తే మధ్యలో వెడల్పు 9, 10 మిల్లీమీటర్లు, తొడిమ మందం 2 మిల్లీమీటర్లు ఉంది.

పిక్సెల్_మాస్టారు (గుంటూరు, బ్రాడీపేట)
బాబూ, మీరు ఇప్పుడు ఇచ్చిన ఈ రెండు కొలతల్లోనే మీ జవాబు ఉంది. ఈ విషయం నేను చాలా ఏళ్ళు క్లాసులో చెప్పాను, కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ఎరోజన్ అంటే ఏంటంటే, మీరు ఇచ్చిన ఆకారం, దాన్నే స్ట్రక్చరింగ్ ఎలిమెంట్ అంటాం, అది వస్తువు లోపల పూర్తిగా పట్టే చోట్లు మాత్రమే మిగలడం. డైలేషన్ అంటే ఆ ఆకారం వస్తువుని ఎక్కడ తాకినా ఆ చోటు తెల్లబడటం. ముందు ఎరోజన్ తర్వాత డైలేషన్ చేస్తే ఓపెనింగ్. దాని అర్థం చాలా సులువు, ఆ ఆకారం లోపల పట్టని భాగాలన్నీ పోతాయి, పట్టేవి తమ చోట తాము ఉంటాయి. ఇది జల్లెడ పట్టడం లాంటిదే, కాకపోతే జల్లెడ కన్ను సైజే కాదు దాని ఆకారం కూడా మీరే నిర్ణయిస్తారు. క్లోజింగ్ ఇదే పనిని వెనక ఉన్న నల్లభాగం మీద చేస్తుంది, అంటే ఆ ఆకారం పట్టనంత ఇరుకు సందుల్నీ బొక్కల్నీ పూడ్చేస్తుంది.

ఇప్పుడు మీ లెక్క చూడండి. తొడిమ 2 మిల్లీమీటర్లు, అంటే 10 పిక్సెళ్ళు. కాయ ఒళ్ళు 9 మిల్లీమీటర్లు, అంటే 45 పిక్సెళ్ళు. 10కీ 45కీ మధ్య వ్యాసం ఉన్న గుండ్రటి ఎలిమెంట్ ఏది పెట్టినా తొడిమలు, దుమ్ము, గింజలు, గుడ్డ పోగులు పోయి కాయ ఒళ్ళు మిగులుతుంది. 21 పెట్టండి. చదరం వద్దు, కాయ ఏ కోణంలో పడి ఉంటుందో తెలియదు కదా, చదరం ఐతే నిట్టనిలువు అడ్డం కాయలకి ఒకలా ఐమూలగా పడ్డ కాయలకి ఒకలా పనిచేస్తుంది. గుండ్రం ఏ కోణానికైనా ఒకటే.

చివర్లు పోతున్నాయన్నారు. పోవాలి, ఎందుకంటే మిర్చి చివర సన్నబడుతుంది, 21 పిక్సెళ్ళు అంటే 4 మిల్లీమీటర్ల పైచిలుకు, ఆ వెడల్పు కన్నా సన్నబడ్డ కొస అందులో పట్టదు. కొస కావాలంటే రీకన్‌స్ట్రక్షన్ అని ఉంది, ఓపెనింగ్‌లో మిగిలిన భాగాన్ని విత్తనంగా పెట్టుకుని అసలు మాస్క్ హద్దు దాటకుండా అది పెరిగినంతా పెరగనివ్వడం. కొస తిరిగొస్తుంది, ఎక్కడా అంటుకోని చుక్కలు మాత్రం రావు. కాకపోతే జాగ్రత్త, తొడిమ కూడా కాయకి అంటుకునే ఉంటుంది గనక అదీ తిరిగొస్తుంది. కాబట్టి ఏ పనికి ఏది కావాలో ముందు తేల్చుకోవాలి.

మార్ఫాలజీ అనే ఈ శాస్త్రం పుట్టిందే ఇలాంటి కొలతల అవసరం కోసం. 1964లో ఫ్రాన్స్‌లో జార్జ్ మాథెరాన్, జాన్ సెర్రా ఇద్దరూ పారిస్ గనుల విద్యాసంస్థ తరఫున లొరేన్ ప్రాంతపు ఇనుప ఖనిజం ముక్కల్ని పరిశీలిస్తూ, ఏ రేణువు ఎంత సైజులో ఎలా పరుచుకుని ఉంది అని లెక్కగట్టడానికి దీన్ని తయారుచేశారు. 1968లో ఫాంటెన్‌బ్లోలో దీనికోసం ఒక కేంద్రమే పెట్టారు. సెర్రా గారి పెద్ద పుస్తకం 1982లో వచ్చింది. అక్కడ ఖనిజం రేణువులు, మనకి ఇక్కడ మిరపకాయలు, ప్రశ్న మటుకు అదే.

యార్డు_గుమస్తా (గుంటూరు)
నాకు ఈ కంప్యూటర్ సంగతి తెలవదు గానీ కాయ సంగతి తెలుసు కాబట్టి చెప్తున్నా తమ్ముడూ. యార్డులో తాలు ఎన్ని కాయలు అని ఎవడూ అడగడు, క్వింటాకి ఎన్ని కేజీలు తాలు అనే అడుగుతారు. తాలు కాయ తేలిగ్గా ఉంటది, ఎర్ర కాయంత బరువు తూగదు. నువ్వు కాయలు లెక్కబెట్టి నూటికి ఇన్ని అని చెప్తే రైతు నష్టపోతాడు, అది గుర్తుపెట్టుకో. ఇంకోటి, మొత్తం తెల్లబడ్డ కాయే తాలు కాదు, సగం మచ్చబడ్డ కాయలుంటాయి, వాటి మీదే అసలు గొడవంతా. తేజ ఒక రకం, 334 ఒక రకం, బాడిగ ఐతే ఒళ్ళంతా ముడతలు, ఒక రకానికి చేసింది ఇంకో రకానికి పనికొస్తదో లేదో కూడా చూసుకో. ఈ తాలు లెక్క కంటితో కాకుండా సక్రమంగా తేలితే మాలాంటోళ్ళకి నిజంగా మేలు జరుగుద్ది, రోజూ మధ్యలో మాట పడేది మేమే.

తెనాలి_ల్యాబ్ (తెనాలి)
గుమస్తా గారు చెప్పినదాంతో ఈ ప్రాజెక్టు దారే మారిపోయింది, తమ్ముడు గమనించావో లేదో. నీకు కావాల్సింది బరువులో శాతం ఐతే కాయల్ని ఒకదాన్నుంచి ఒకటి విడదీయాల్సిన అవసరమే లేదు. ఎర్ర విస్తీర్ణం ఎంత, తాలు విస్తీర్ణం ఎంత, ఈ రెండూ చాలు. అతుక్కున్నా సరే. విడదీయడం అనేది ఈ మొత్తంలో చాలా కష్టమైన మెట్టు, దాన్నే తీసి పక్కన పెట్టేయొచ్చు. రాయిని కోసి ఆ కోతలో ఒక ఖనిజం ఎంత విస్తీర్ణం ఉందో కొలిస్తే మొత్తం రాయిలో దాని వంతు తెలుస్తదని డెలెస్ అనే ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్త 1847లోనే చెప్పాడు, విస్తీర్ణంతో పని జరిపించుకోవడం అప్పటినుంచీ ఉన్నదే. నీ కాయలు కోత కాదు గనక నువ్వు చేయాల్సింది ఇంకోటుంది, ఎర్ర కాయలు మాత్రమే తూకం వేసి ఒక్క పొరగా పరిచి ఫొటో తీసి చదరపు సెంటీమీటరుకి ఎన్ని గ్రాములో లెక్కగట్టు, తాలు కాయలకీ అట్టాగే విడిగా చెయ్యి. తర్వాత మచ్చు ఫొటోలో తాలు విస్తీర్ణాన్ని దాని గ్రాములతో, ఎర్ర విస్తీర్ణాన్ని దాని గ్రాములతో హెచ్చవేస్తే బరువు శాతం వచ్చేస్తది. రకం మారితే ఈ అంకెలు మళ్ళీ తీయాలి, అంతే.

ఇక రంగు. ఏ గుడ్డ మీద పరుస్తున్నావు? తెల్ల గుడ్డ ఐతే మాత్రం ఇవాళే మార్చు. తాలు కాయ రంగే పాలిపోయిన పసుపు తెలుపు, తెల్లగుడ్డ మీద అది కనపడకుండా పోతది, నువ్వు కొలవాల్సిన వస్తువే మాయమైతే ఏ ఫిల్టరూ దాన్ని తిరిగి తేలేదు. నీలం చార్టు పేపరు వెయ్యి, మెరుపు లేనిది. ఎందుకు నీలమంటే, ఫొటోని ల్యాబ్ (Lab) కలర్ స్పేస్‌లోకి, అంటే వెలుగుని రంగుని విడివిడి ఛానెళ్ళుగా చూపే పద్ధతిలోకి, మార్చుకుంటే బీ ఛానెల్ ఒక పక్క నీలం ఒక పక్క పసుపు, ఎర్ర మిర్చికీ తాలుకీ రెండిటికీ బీ విలువ ఎక్కువే ఉంటది, నీలం కాయితానికి బాగా తక్కువ. అంటే బీ మీద ఒక్క త్రెషోల్డ్‌తో కాయలు వేరు కాయితం వేరు ఐపోతాయి. తర్వాత ఆ కాయల లోపల మాత్రమే 'ఏ' (a) ఛానెల్ చూడు, అది ఎరుపు ఆకుపచ్చ ఛానెల్, ఎర్రవి పైన తాలు కింద పడతాయి.

హెచ్ఎస్‌వీ అనే ఇంకో కలర్ స్పేస్ వాడుతున్నట్టైతే ఎరుపు దగ్గర ఇబ్బంది పడుతుంటావు, అక్కడ హ్యూ, అంటే రంగు అంకె, చక్రంలా చుట్టూ తిరిగొస్తది, ఓపెన్ సీవీలో హ్యూ 0 నుంచి 179 దాకా, ఎరుపు అటు మొదట్లోనూ ఇటు ఆఖర్లోనూ రెండు ముక్కలుగా ఉంటది. ల్యాబ్‌లో ఆ బాధ లేదు.

ఒక్క హెచ్చరిక. బీ ఛానెల్‌కి ఓట్సు త్రెషోల్డ్ (విలువల్ని రెండు గుంపులుగా చేసి హద్దుని అదే ఎంచుకునే పద్ధతి) హాయిగా పనిచేస్తది, కాయ కాయితం రెండూ దండిగా ఉంటాయి కాబట్టి. 'ఏ' (a) ఛానెల్‌కి మాత్రం ఓట్సు పెట్టకు, తాలు కొంచెమే ఉన్న లాట్‌లో ఓట్సు ఎర్ర కాయల్లోనే ముదురెరుపు లేతెరుపు అని రెండు ముక్కలు చేసి లేతెరుపుని తాలు అని చూపిస్తది. అక్కడ త్రెషోల్డ్ నువ్వే, గుమస్తా గారిలాంటి వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని, ఇది తాలు ఇది కాదు అని ఏరిన కాయల మీద కొలిచి ఫిక్స్ చెయ్యి. ఫోన్‌లో వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ చెయ్యి, ఆటోలో ఉంటే ఫొటో ఫొటోకీ 'ఏ' ఛానెల్ విలువ జరిగిపోద్ది.

మోడల్_ట్రైనర్ (విజయవాడ)
ఇంత కష్టం ఎందుకండి, ఈ రోజుల్లో ఇన్‌స్టెన్స్ సెగ్మెంటేషన్ మోడల్ (ఒక్కో వస్తువుని విడిగా గుర్తుపట్టే ఏఐ మోడల్) ఒకటి తీసుకుని మన ఫొటోల మీద ఫైన్ ట్యూన్ చేసేస్తే, అంటే మళ్ళీ నేర్పిస్తే, ఐపోయె. అతుక్కున్నా ఒకదానిమీద ఒకటి పడ్డా అది విడదీస్తది. మార్ఫాలజీ పాత పద్ధతి, లైటు మారితే మళ్ళీ అంకెలన్నీ మార్చుకోవాలి.

పిక్సెల్_మాస్టారు
మోడల్ వద్దని నేను అనను. ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడ్డ కాయల్ని విడదీయడంలో అది మార్ఫాలజీ కన్నా మెరుగ్గా చేస్తుంది, అది ఒప్పుకోవాల్సిందే. కానీ దానికి కాయ చుట్టూ గీత గీసిన ఫొటోలు చాలా కావాలి, ఒక ఫొటోలో వందల కాయలుంటే ఆ గీతలు గీసేది ఎవరు? రెండోది, యార్డులో రైతు వచ్చి ఈ కాయని తాలు అని ఎందుకన్నావు అని అడిగితే, ఎరుపు విలువ ఈ గీత కన్నా తక్కువ ఉంది, మచ్చ ఇన్ని మిల్లీమీటర్ల కన్నా వెడల్పుంది అని చూపించి చెప్పగలగాలి. డబ్బు తేలే చోట ఆ వివరం చాలా అవసరం, నా మటుకు నేను ఆ విషయంలో గట్టిగానే ఉంటాను. మూడోది, లైటు మారితే మోడల్ కూడా తడబడుతుంది, అదేం మినహాయింపు కాదు. లైటుని ఒక డబ్బాలో కట్టిపడేస్తే రెండిటికీ మంచిదే.

మోడల్_ట్రైనర్
సరే సార్, రైతుకి చూపించి చెప్పాలి అన్న మాట కరెక్టే. ఐతే ఒక పని చెయ్యొచ్చు, మార్ఫాలజీతో వచ్చిన మాస్కుల్నే మొదటి లేబుల్స్‌గా తీసుకుని, తప్పులున్న చోట చేత్తో సరిదిద్దితే గీతలు గీసే పని బాగా తగ్గుద్ది. తర్వాతెప్పుడన్నా మోడల్ కావాల్సొస్తే డేటా రెడీగా ఉంటది.

కల్లం_కుర్రాడు
అక్కా నీలం చార్టు మీద చేస్తే మాస్క్ ఎంత శుభ్రంగా వచ్చిందో చెప్పలేను, బీ ఛానెల్ దెబ్బకి కాయలన్నీ విడిగా తేలిపోయాయి. 21 గుండ్రం ఓపెనింగ్ పెడితే తొడిమలు గింజలు పోయాయి. ఇప్పుడు రెండు డౌట్లు. ఒకటి, తేజ కాయలు నున్నగా మెరుస్తాయి కదా, కాయ పొడుగునా తెల్లగా మెరుపు గీత పడి దాన్ని తాలు అని చూపిస్తంది. రెండోది, బరువుకి విడదీయక్కర్లేదు సరే, కానీ మా గైడ్ సార్ కాయల సంఖ్య కూడా చూపించాల్సిందే అన్నారు. అతుక్కున్నవాటిని విడదీసే వాటర్‌షెడ్ పద్ధతి వాడితే ఒక్కో కాయ ముక్కలు ముక్కలుగా తెగిపోతంది.

తెనాలి_ల్యాబ్
మెరుపు సంగతి నేను చెప్తా. ముందు లైటు దగ్గరే తగ్గించు, ఎండలో వద్దు, రెండు పక్కలా ట్యూబులైటు పెట్టి వాటి ముందు ట్రేసింగ్ పేపరు కట్టు, గీత చాలావరకు పోతది. మిగిలినదానికి మార్ఫాలజీ ఉంది. మెరుపు గీత వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లకి మించదు, అసలైన తాలు మచ్చ అంతకన్నా వెడల్పు ఉంటది, కాబట్టి తాలు మాస్క్ మీద విడిగా ఒక ఓపెనింగ్ చెయ్యి, 15 పిక్సెళ్ళ గుండ్రంతో, అంటే 3 మిల్లీమీటర్ల కన్నా సన్నగా ఉన్న తెలుపంతా కొట్టుకుపోద్ది. అక్కడ తీసేసిన పిక్సెళ్ళని మళ్ళీ ఎరుపులో కలుపు, లేకపోతే ఎర్ర విస్తీర్ణం తగ్గి తాలు శాతం ఎక్కువ కనపడుద్ది. ఇది చాలామంది మర్చిపోయే మెట్టు.

కాయ లోపలి బొక్కలకి మాత్రం క్లోజింగ్ వద్దు. 15 పిక్సెళ్ళ క్లోజింగ్ పెడితే మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉన్న రెండు కాయల మధ్య సందు కూడా పూడిపోయి అతుక్కుంటాయి. దానిబదులు హోల్ ఫిల్లింగ్ వాడు, ఫొటో అంచు నుంచి బ్యాక్‌గ్రౌండ్‌ని పారించుకుంటా వస్తే ఏ బ్యాక్‌గ్రౌండ్ అందుబాటులోకి రాకుండా కాయ లోపల ఇరుక్కుందో అది బొక్క, దాన్ని మాత్రం నింపుద్ది, సందుల జోలికి పోదు. ఐతే మూడు నాలుగు కాయలు గుండ్రంగా తగులుకుని మధ్యలో కాయితం కనపడే చోట కూడా నింపేస్తది, అందుకని విస్తీర్ణం ఒక హద్దు కన్నా చిన్న బొక్కలనే నింపు.

బెజవాడ_కోడర్
వాటర్‌షెడ్ సంగతి నేను తీసుకుంటా. బ్రో నువ్వు డిస్టెన్స్ ట్రాన్స్‌ఫార్మ్ (ప్రతి పిక్సెల్ బ్యాక్‌గ్రౌండ్‌కి ఎంత దూరమో చూపే బొమ్మ) తీసి దాని మీద లోకల్ మాక్సిమాలన్నీ, అంటే శిఖరాలన్నీ, మార్కర్లుగా (ఒక్కో ముక్క మొదలయ్యే చోట్లుగా) పెట్టి ఉంటావు. గుండ్రటి వస్తువులకి, అంటే గింజలు నాణేలు రక్తకణాలు లాంటివాటికి అది బాగుంటది, ఒక్కోదానికి మధ్యలో ఒక్క శిఖరమే వస్తది. మిరపకాయ పొడుగు కదా, దాని మధ్య గీత పొడుగునా డిస్టెన్స్ దాదాపు ఒకటే ఉంటది, వెడల్పు కొంచెం అటూఇటూ ఐన చోటల్లా ఒక చిన్న శిఖరం లేస్తది, ఒక్కో శిఖరానికి ఒక్కో ముక్క. అదీ నీ కాయ తెగిపోడానికి కారణం. దీనికి హెచ్ మాక్సిమా అని ఉంది, చుట్టుపక్కల కన్నా కనీసం ఇంత ఎత్తున్న శిఖరాన్నే లెక్కలోకి తీసుకోవడం. నీకు హెచ్ 3 నుంచి 5 పిక్సెళ్ళ మధ్య పెట్టి చూడు. బాడిగ లాంటి ముడతల కాయకి ఇంకాస్త ఎక్కువ కావాల్సొస్తది. ముందు మాస్క్‌ని ఓపెనింగ్‌తో నున్నగా చేసి తర్వాత డిస్టెన్స్ తీస్తే ఇంకా నయం.

కానీ పక్కపక్కన తగిలిన కాయలకే ఇది. ఒకదాని మీద ఒకటి ప్లస్ గుర్తులా పడితే వాటర్‌షెడ్ వల్ల కాదు, మధ్యలో ఒక ముక్క చుట్టూ నాలుగు చేతులు అన్నట్టు కోస్తది. దానికి గీత ఎలిమెంట్ వాడాలి, ఇది నాకు బాగా నచ్చిన కిటుకు. గుండ్రం బదులు 150 పిక్సెళ్ళ పొడుగు గీత తీసుకో, అంటే 3 సెంటీమీటర్లు. దాన్ని 15 డిగ్రీలకొకటి చొప్పున 12 దిక్కులకి తిప్పి ఒక్కో దిక్కుకి ఒక్కో ఓపెనింగ్ చెయ్యి. ఆ దిక్కుగా పడుకున్న కాయలో గీత పడతది కాబట్టి అది మిగులుద్ది, అడ్డంగా ఉన్న కాయ వెడల్పు 45 పిక్సెళ్ళే కదా అందులో 150 గీత పట్టదు, పోద్ది. 15 డిగ్రీలే ఎందుకంటే 45 వెడల్పు పట్టీలో 150 పొడుగు గీత 17 డిగ్రీల దాకా వాలినా పడుద్ది, అందుకని ఏ కాయా రెండు దిక్కుల మధ్య సందులో జారిపోదు. వంకర కాయలకీ చాలావరకు పర్లేదు, వెడల్పు ఉంది కాబట్టి కొంచెం వంపు ఐనా గీత లోపలే ఉంటది. ఒకే కాయ రెండు మూడు దిక్కుల్లో వస్తది కాబట్టి ఎక్కువ విస్తీర్ణం మిగిల్చిన దిక్కునే దానిదిగా తీసుకుని లెక్కబెట్టు.

కృష్ణ_ఒడ్డు (విజయవాడ)
మధ్యలో దూరుతున్నా ఏమనుకోకండి, గీతలు వెడల్పులు అన్న మాట వినగానే ఆగలేకపోయా. నేను సెంటినెల్ 2 శాటిలైట్ ఫొటోలతో కృష్ణ నది మీద చేస్తున్నా. దాంట్లో పిక్సెల్ 10 మీటర్లు. ఆకుపచ్చ బ్యాండు, నియర్ ఇన్‌ఫ్రారెడ్ బ్యాండు రెండూ కలిపి నీళ్ళ సూచిక లెక్కగడితే నీళ్ళు విడిగా వస్తాయి. నీళ్ళ మాస్క్ శుభ్రం చేద్దామని 5×5 క్లోజింగ్ పెడితే ప్రకాశం బ్యారేజీ మొత్తం నీళ్ళలో కలిసిపోయి మాయమైంది, కాలువల మీద 3×3 ఓపెనింగ్ పెడితే సన్న కాలువలన్నీ పోతున్నాయి. ఏం చెయ్యాలి?

పిక్సెల్_మాస్టారు
మీకు మాయమైందే మీ సమాధానం. బ్యారేజీ పొడుగు కిలోమీటరు పైనే ఉన్నా వెడల్పు మీ ఫొటోలో ఒకటి రెండు పిక్సెళ్ళే, 5×5 ఎలిమెంట్ అంటే 50 మీటర్లు, అంత ఇరుకు సందు పూడకుండా ఎలా ఉంటుంది? ఇప్పుడు క్లోజింగ్ చేసిన మాస్క్‌లోంచి అసలు మాస్క్‌ని తీసేయండి, దాన్ని బ్లాక్ హ్యాట్ అంటారు. నీళ్ళని అడ్డంగా కోసే సన్నటి వస్తువులు, అంటే బ్యారేజీ, కనకదుర్గ వారధి, రైలు వంతెనలు మాత్రమే మిగులుతాయి, చిన్న చిన్న ఇసుక తిన్నెలు కూడా వస్తాయి గానీ అవి పొడుగ్గా ఉండవు గనక పొడుగు చూసి తీసేయొచ్చు. బ్యారేజీకి రెండు పక్కలా నీళ్ళుంటేనే ఇది కుదురుతుంది, దిగువన ఇసుక తేలే వేసవిలో కాకుండా వరద రోజుల తర్వాత మబ్బు లేని ఫొటో తీసుకోండి. భవానీ ద్వీపం అంత పెద్దది కాబట్టి దానికేం కాదు. కాలువలకి మాత్రం ఓపెనింగ్ వద్దు, కనెక్టెడ్ కాంపొనెంట్ల, అంటే ఒకదానికొకటి అంటుకున్న పిక్సెళ్ళ ముక్కల, విస్తీర్ణం చూసి చిన్న ముక్కలు తీసేయండి, దాన్నే ఏరియా ఓపెనింగ్ అంటారు. అది ఆకారం అడగదు, పిక్సెళ్ళ సంఖ్యే చూస్తుంది, కాబట్టి సన్నగా పొడుగ్గా ఉన్నది బతుకుతుంది.

కృష్ణ_ఒడ్డు
బ్లాక్ హ్యాట్‌తో వారధి, బ్యారేజీ రెండూ గీత గీసినట్టు వచ్చాయి మాస్టారూ, చాలా చాలా థాంక్స్. దీనికి వేరే థ్రెడ్ పెడతా, ఇక్కడ మిర్చి నడవనీయండి.

యార్డు_గుమస్తా
తమ్ముడూ ఒకటడగాలి. తాలు ఐపోయాక కొనేవాళ్ళు చూసేది కాయ సైజు. ఒకే లాట్‌లో లావు కాయ సన్న కాయ కలిసి ఉంటే వెంటనే పట్టేస్తారు. ఒక్కో కాయ కొలవకుండా లాట్ మొత్తం ఒకే సైజులో ఉందా లేదా అని చెప్పగలవా? ఇంకా తొడిమ తీసిన కాయా తీయనిదా అని కూడా. తొడిమ తీసే పని ఇక్కడ ఎంతమంది ఆడవాళ్ళు కూర్చుని చేస్తారో తెలుసుగా, తీసిన సరుకులో ఎంత మిగిలిందో తెలిస్తే వాళ్ళకి కూలీ కట్టేటప్పుడు కూడా మాట రాదు.

తెనాలి_ల్యాబ్
గుమస్తా గారూ మీరు అడిగిన సైజు ప్రశ్నే మాథెరాన్ వాళ్ళు ఖనిజం రేణువులకి వేసుకున్న ప్రశ్న. దానికి గ్రాన్యులోమెట్రీ అని పేరు. గుండ్రటి ఎలిమెంట్‌తో ఓపెనింగ్‌ని వ్యాసం పెంచుకుంటా వరసగా చెయ్యాలి, 5, 9, 13 అట్టా 70 దాకా, ప్రతిసారీ ఎంత విస్తీర్ణం మిగిలిందో రాసుకోవాలి. ఏ వ్యాసం దగ్గర విస్తీర్ణం ఒక్కసారిగా పడిపోద్దో ఆ వెడల్పు కాయలు అక్కడ ఎక్కువ ఉన్నట్టు. ఒక్కచోటే నిట్టనిలువుగా పడిపోతే లాట్ సమంగా ఉంది, రెండు చోట్ల పడితే లావువీ సన్నవీ కలిసున్నాయి, ఏటవాలుగా పడితే అన్ని సైజులూ ఉన్నాయి. కాయల్ని విడదీయకుండానే ఇది చాలావరకు వస్తది, ఎందుకంటే రెండు కాయలు పక్కపక్క తగిలినా వాటి మధ్య పెద్ద గుండ్రం పట్టేంత చోటు రాదు. ఒకదాని పక్కన ఒకటి ఒత్తుకుని పడుకుంటే మాత్రం రెండూ కలిసి వెడల్పుగా కనపడతాయి, అందుకని మచ్చు పలచగా పరచాలి.

తొడిమకి ఐతే టాప్ హ్యాట్. అసలు మాస్క్‌లోంచి 21 ఓపెనింగ్ తీసేస్తే తొడిమలూ కాయ కొసలూ మిగులుతాయి. కొస ఎర్రగా ఉంటది, తొడిమ ఎండిన గడ్డి రంగు, మళ్ళీ 'ఏ' (a) ఛానెల్ చూసి కొసల్ని తీసేయ్. తాలు కాయ కొస మటుకు తొడిమ రంగులోనే కలిసే ప్రమాదం ఉంది, కాయకి రెండు చివర్లా అట్టాంటి ముక్కలొస్తే వాటిలో ఒకటి కొస అని తీసుకోవాలి.

కల్లం_కుర్రాడు
అక్కా గ్రాన్యులోమెట్రీ గీసి చూశా, బాబాయి దగ్గర తేజ లాట్ ఒకటి ఒకే చోట పడింది, రెండు రకాలు కలిపి పరిస్తే స్పష్టంగా రెండు చోట్ల పడింది, గుమస్తా గారికి ఫోన్‌లో చూపిస్తే చాలాసేపు చూశారు. హెచ్ మాక్సిమాతో తెగిపోవడం బాగా తగ్గింది. ఒకే ఇబ్బంది, దీన్ని రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద పెట్టి కొట్లో ఉంచుదామంటే పెద్ద గుండ్రాలతో ఓపెనింగ్ చాలా నెమ్మదిగా నడుస్తంది, గ్రాన్యులోమెట్రీ ఐతే మరీను.

బెజవాడ_కోడర్
బైనరీ మాస్క్ మీద గుండ్రంతో ఎరోజన్ చెయ్యడానికి కెర్నల్ అక్కర్లేదు బ్రో. డిస్టెన్స్ ట్రాన్స్‌ఫార్మ్ ఒక్కసారి తియ్యి, ప్రతి పిక్సెల్ బ్యాక్‌గ్రౌండ్‌కి ఎంత దూరమో అందులో ఉంటది. రేడియస్ 10 ఎరోజన్ కావాలంటే దూరం 10 దాటిన పిక్సెళ్ళు తీసుకో, 20 కావాలంటే 20 దాటినవి తీసుకో, ఐపోయింది. అన్ని సైజులకీ ఎరోజన్ ఒకే ట్రాన్స్‌ఫార్మ్‌లోంచి వస్తది. డైలేషన్‌కి మిగిలినదాని బయటివైపు మళ్ళీ డిస్టెన్స్ తీసి 10 లోపలున్నవి కలుపు. కెర్నల్ ఎంత పెద్దదైనా టైం పెరగదు. గ్రే ఇమేజ్ మీద ఐతే ఈ కిటుకు పనిచెయ్యదు, అప్పుడు అడ్డం నిలువు గీతలకి వాన్ హెర్క్ పద్ధతి ఉంది, గీత ఎంత పొడుగున్నా పిక్సెల్‌కి మూడు పోలికలకి మించవు. నీకిప్పుడు ఆ అవసరం లేదు. ఫొటోని 1500కి తగ్గించినా మిల్లీమీటరుకి రెండున్నర పిక్సెళ్ళు ఉంటాయి, తాలు విస్తీర్ణానికి అది ఎక్కువే, తొడిమలకి మాత్రం 3000లోనే ఉంచు.

పిక్సెల్_మాస్టారు
ఇంకొక్క విషయం, రిపోర్టు రాసేటప్పుడు ఎలిమెంట్ సైజులన్నీ పిక్సెళ్ళలో రాయకండి, మిల్లీమీటర్లలో రాయండి. 21 అని రాస్తే కెమెరా ఎత్తు మారిన రోజున ఆ అంకెకి అర్థం లేదు. 4.2 మిల్లీమీటర్లు, తొడిమ కన్నా వెడల్పు కాయ కన్నా సన్నం, అని రాస్తే ఎవరైనా వాళ్ళ కెమెరాకి తిరిగి లెక్కగట్టుకుంటారు. ప్రోగ్రాంలో కూడా మిల్లీమీటర్లే ఇచ్చి, ఫ్రేములో ఒక మూల తెల్ల కాయితం మీద స్కేలు గీతలు పెట్టి పిక్సెళ్ళని దాన్నుంచే తీయించండి. ఆ తెల్ల కాయితమే వైట్ బ్యాలెన్స్ సరిచూసుకోడానికి కూడా పనికొస్తుంది.

యార్డు_గుమస్తా
సగం మచ్చ కాయల సంగతి మిగిలింది తమ్ముడూ. నేను రేపు పొద్దున మూడు గుట్టలు ఏరి పెడతా, తాలు కానివి, తాలువి, గొడవపడేవి. ఆ గొడవపడే గుట్టని యార్డులో ఇంకో ఇద్దరు ముగ్గురు పాత గుమస్తాల చేత కూడా ఏరిస్తా, అందరూ ఒకే మాట అన్నవాటి మీదే నీ మచ్చ హద్దు పెట్టు.

కల్లం_కుర్రాడు
తప్పకుండా వస్తానండి. మూడు గుట్టలూ విడివిడిగా తూకం వేసి, విడివిడిగా ఫొటోలు తీసి, 'ఏ' ఛానెల్ విలువల గ్రాఫ్ ఇక్కడే పెడతా.